చుట్టం గడ్డి

సుత్తి తగిలిన కీ ఖంగుమనలేదు. బీటవారిన కుండలా బొత్తుమంది. కీమాన్ ఆగాడు. వంగి బొటనవేలితో ఆ ఇనప చీలను అదిమి చూశాడు. వెంట్రుకవాసి కదిలింది. ఒక దెబ్బ వేశాడు, ఇంకో దెబ్బ వేశాడు. మూడో దెబ్బకు ఖంగుమంది. "ఊఁ" అన్నాడు దానితో, మనిషితో అన్నట్టే. సుత్తి భుజాన వేసుకుని ముందుకు నడిచాడు.

పట్టాను దుంగకు కరిపించి ఉంచేవి ఆ కీలు. అవి వదులైతే పట్టా జరుగుతుంది. పట్టా జరిగితే బండి పడుతుంది. అందుకని రోజూ ఒక మనిషి దారి పొడవునా వాటిని కొట్టి చూసుకుంటూ నడవాలి. పోను నాలుగు మైళ్లు, రాను నాలుగు మైళ్లు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మనిషి ఇతనే. అతను నడిచినన్నాళ్లూ ఆ నాలుగు మైళ్లలో ఒక్క బండి కూడా పట్టా తప్పలేదు. పట్టా తప్పని బండి గురించి ఎవరూ చెప్పుకోరు. కాబట్టి అతని గురించి కూడా ఎవరూ చెప్పుకోలేదు.

మనిషి పొడుగూ కాదు, పొట్టీ కాదు. సుత్తి బరువుకు కుడి భుజం రెండు వేళ్లు కిందికి దిగింది. మెడ వెనక తోలు ఎండకు కాలి పాత చెప్పులా గీతలు పడింది. దుంగ నుంచి దుంగకు అడుగు వేసీ వేసీ నడకే అలా కుదురుకుపోయింది. సంతలో నడిచినా అంతే అడుగు, అంతే దూరం. "నేల మీద కూడా దుంగలు వెతుక్కుంటారేమిటండీ" అని పెళ్లయిన కొత్తలో భార్య నవ్వేది. ఇప్పటికీ నవ్వుతుంది. చదువు మూడో తరగతితో ఆగింది. మైలురాళ్ల మీది అంకెలు చదువుతాడు, సంతకం పెడతాడు. మాటల విషయానికొస్తే అతనికున్నది ఒకటే మాట. అవునన్నా అదే, కాదన్నా అదే, ఆకలన్నా అదే. పట్టాల పని చేసే గ్యాంగు వాళ్లు అతనికి ఊఁకొట్టు మామ అని పేరు పెట్టారు. పిలిస్తే ఊఁ అనేవాడు.

మోకాళ్ల కింది నుంచి చీలమండల దాకా రెండు కాళ్లకూ ఉన్ని పట్టీలు చుట్టుకుని ఉన్నాడు. డ్యూటీ కోటు చిరిగిపోతే భార్య దాని వీపు గుడ్డను నాలుగు వేళ్ల వెడల్పున నిలువునా కోసి, అంచులు కుట్టి ఇచ్చింది. ఎండల్లో ఉన్ని పట్టీలేమిటని గ్యాంగు ఏళ్ల తరబడి నవ్వింది. నవ్వనిచ్చాడు. అవి ఎందుకో చెప్పాలంటే చాలా మాటలు కావాలి.

ఆ పొద్దున అతని ఎడమ చెయ్యి లేచినప్పటి నుంచీ బరువుగా ఉంది. తడి బట్ట వేలాడదీసినట్టుంది. పక్క మీద ఒత్తుకుందేమో అనుకున్నాడు. అంతకంటే పెద్ద బరువు ఇంకోటి ఉంది అతనికి. నిన్న సాయంత్రం గ్యాంగు మేస్త్రీ చెప్పిన కబురు అది.

"రేపు పదింటికి కొత్త ఇంజనీరు ట్రాలీ మీద వస్తున్నాడు మామా. కటింగులో గడ్డి చూస్తాడట. కోతలూ గీతలూ వద్దంటున్నాడు. సోమవారం రెండు వైపులా మనమే అంటించేద్దామంటున్నాడు. మనం కాల్చాక బండి కాల్చడానికేముంటుంది? హాయి. చేతులు బొబ్బలెక్కే పని తప్పింది."

ఊఁ అనలేదు అతను. మేస్త్రీ అది గమనించలేదు.

రెండో మైలురాయి దాటాక కటింగు వచ్చింది. గుట్టను నిలువునా చీల్చి దారి వేసిన చోటు. రెండు పక్కలా కంకర కలిసిన ఎర్రమట్టి వాలు. పొద్దు పొడిచింది మొదలు కుంకే దాకా ఎండ దాని మీదే పడుకుని ఉంటుంది. వాన పడితే నీళ్లు నిలవవు, రాళ్ల సందుల్లోంచి జారిపోతాయి. దొంగ దాసరి భక్తిలాగా పైపైనే తడుస్తుంది ఆ నేల. గూడ్సు బండ్లు అక్కడ దిగుడు మీద బ్రేకులు బిగిస్తాయి. బిగిస్తే చక్రాల దగ్గర ఎర్రటి రవ్వలు చిమ్ముతాయి. గడ్డి ఎండిన రోజుల్లో ఒక్క రవ్వ చాలు. వాలు పైన గేటు గుడిసె. దాని వెనక గ్యాంగు వాళ్ల ఇళ్ల వరస, అందులో మూడోది అతనిది. తెల్లారకముందే అక్కడి నుంచి ఇవతలి హద్దుకు పోయి, వెనుదిరిగి అవతలి హద్దు దాకా నడిచి, మళ్లీ ఇంటికి చేరతాడు.

అతను పట్టా దిగి వాలు ఎక్కాడు. మోకాలి దాకా గడ్డి. రైలు కిటికీలోంచి చూసేవాడికి అదంతా ఒకటే గడ్డి. నిజానికి రెండు.

మొదటిది మొదటి నుంచీ ఉన్నది. ముసలి గడ్డి అంటుంది భార్య. కుదుళ్లు కుదుళ్లుగా ఉంటుంది. కుదురుకూ కుదురుకూ మధ్య జానెడు బోడి నేల వదులుతుంది, పెద్దమనుషులు ఎడం పాటించి కూర్చున్నట్టు. లాగితే రాదు. దాని మొదట్లో పోయిన ఏటి మోళ్లు, అంతకు ముందు ఏటి మోళ్లు పేర్చినట్టుంటాయి. ఎండలు బాగా ముదిరే దాకా పచ్చగానే ఉంటుంది. అంటుకున్నా ఆ బోడి నేల దగ్గర మంట తడబడుతుంది.

రెండోది చుట్టం. ఆ పేరూ భార్య పెట్టిందే. రెండు రోజులని వచ్చి పోకుండా కూర్చుంది కాబట్టి. మొదటి వానకే, అందరికంటే ముందు మొలుస్తుంది. లేత ఆకు మీదా, కాడను చుట్టిన తొడుగు మీదా మెత్తని నూగు ఉంటుంది. చంటిపిల్లాడి చెవి మీద ఉండేలాంటిది. చూస్తే ముద్దొస్తుంది. కంకి ఒక పక్కకు వాలి వేలాడుతుంది, కొత్తకోడలు తల వంచినట్టు. ఒక్కో గింజకు వేలెడు మీసం. ముసలి గడ్డి ఇంకా పచ్చగా ఉండగానే ఇది ఊదారంగుకు తిరుగుతుంది, పది రోజుల్లో గోధుమరంగు, ఆపైన కాగితం. ఎడం పాటించడం తెలీదు దీనికి. బోడి నేల కనపడితే చాలు, చాప పరిచినట్టు పరుచుకుంటుంది. ఆ చాప మీద మంట పరుగెడుతుంది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలుసు. పదిహేనేళ్ల కిందట పశువుల వ్యాగన్లు తగిలించిన గూడ్సు ఒకటి కటింగులో రెండు గంటలు ఆగింది. ఏ సముద్రం అవతలి నుంచో వచ్చిన పశువులు అవి. వాటి కింద పరిచిన ఎండుగడ్డిని పారలతో ఎత్తి వాలు మీదికి పోశారు. తర్వాతి వానకు ఆ చోట, మంచమంత మేర, కొత్త గడ్డి లేచింది. అతను తప్ప ఎవరూ చూడలేదు.

చూసి ఏం చేశాడు? గ్యాంగు అలవాటు ప్రకారం, అది ఎండిన రోజున అగ్గిపుల్ల గీశాడు. ఒక్కడే. ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత పనీ కాదు. చూస్తుండగానే మసి అయింది. పీడ వదిలిందనుకుని సుత్తి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఏటి వానకు అది మంచమంత కాదు, వాలంతా లేచింది. చుట్టూ ఉన్న ముసలి కుదుళ్లు మాడి చచ్చాయి. చుట్టం గింజలు మాత్రం రాళ్ల సందుల్లో దాక్కుని బతికాయి. ఊడ్చి పెట్టిన ఇంట్లోకి వచ్చినట్టు వచ్చింది.

ఆ ఏడే, గడ్డి కోతకు ఆఫీసు పెట్టిన తారీఖుకు ఇంకా నెల ఉండగా, గూడ్సు రవ్వ పడి వాలు అంటుకుంది. గేటు గుడిసె దాకా ఎక్కింది మంట. లోపల దీపాల కిరసనాయిలు డబ్బా ఉంది. అది పేలితే వెనక ఇళ్ల వరస మొత్తం పోయేది. గేటు కాసే ఆమె, అందరూ గేటామె అంటారు, లోపలికి దూరి ఆ డబ్బాను కౌగిలించుకుని బయటికి తెచ్చింది. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిపోయింది. అప్పటికి ఆమె భర్త పోయి ఏడాదే. ఆమెకు ముప్పై రెండేళ్లు.

అది జరిగి పదమూడేళ్లు. ఆ మర్నాటి నుంచీ అతను చుట్టం గడ్డిని చేత్తో పీకుతున్నాడు. పోయేటప్పుడు ఒక వైపు, వచ్చేటప్పుడు ఒక వైపు. గింజ రాలకముందే పీకి, గోనెసంచిలో కుక్కి, గేటు దిగువన ఉన్న పాత కంకర గుంతలో వేసి మట్టి కప్పుతాడు. వాలంతా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇళ్ల వైపు పది బారల మేర మాత్రం ఏటేటా శుభ్రం చేశాడు. ఇప్పుడక్కడ ముసలి కుదుళ్లు మళ్లీ లేచాయి, ఎడం ఎడంగా. పదమూడేళ్లలో మంట అక్కడి దాకా వచ్చి ఆగిపోవడం మూడుసార్లు జరిగింది. గాలి తిరిగిందని అనుకున్నారు అందరూ.

సోమవారం అంటిస్తే ఆ కుదుళ్లు పచ్చి మీద చస్తాయి. వచ్చే ఏడు ఇళ్ల గోడల దాకా చుట్టమే.

గేటు దగ్గరకు చేరేసరికి తొమ్మిదిన్నర. గేటామె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏంటన్నా, ఇవాళ నీ సుత్తి చప్పుడు ఆలస్యంగా వినపడుతోంది. నేను గడియారం చూసుకోవడం మానేసి నీ చప్పుడే నమ్ముకున్నాను. కొంప ముంచేట్టున్నావే."

"ఊఁ."

"ఆ ఊఁ కి టీ కావాలని అర్థమా, వద్దని అర్థమా?"

కావాలనే అని ఆమెకు తెలుసు. గ్లాసు అందించింది. అందించిన చెయ్యి మీద తోలు ముడతలు పడి, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఆ చేతిని ఆమె ఎప్పుడూ దాచుకోలేదు. "దోమలు కూడా వాలవు దీని మీద, సగం ఒళ్లు నిశ్చింత" అని తనే పరాచికాలాడుతుంది. ఆమె నవ్విన ప్రతిసారీ అతను టీ గ్లాసులోకి చూశాడు. పదమూడేళ్లుగా రోజుకో గ్లాసు.

ఇవాళ గ్లాసులోకి చూడకుండా చెప్పాలని ఇంటి దగ్గరే అనుకున్నాడు. ఇంజనీరుతో మాట్లాడాలంటే ఆ మాట చెప్పక తప్పదు. కాల్చితే ఎందుకు పెరుగుతుంది, నీకెలా తెలుసు అని అడుగుతాడు. ఆ మాట ఈమె పరాయివాడి ముందు నిలబడి వినడం కంటే, ముందే తన నోటే వినడం న్యాయం.

"చెల్లీ."

ఆమె తల తిప్పింది. అతను తనంతట తాను నోరు తెరవడం ఆమెకు కొత్త. "ఏంటన్నా? ఒంట్లో బాగాలేదా? మొహం అట్లా పాలిపోయిందేం?"

"పోయిన... ఆ మంట..."

గంట మోగింది. దిగుడు గూడ్సు. ఆమె జెండా అందుకుని గేటు వేయడానికి పరుగెత్తింది. నలభై వ్యాగన్లు వెళ్లాయి. ఆ చప్పుడులో అతను టీ చివరి గుక్క తాగి గ్లాసు బోర్లించాడు. ఆఖరి వ్యాగన్ వెనకే, బండిని తరుముతున్నట్టు, ట్రాలీ వచ్చేసింది.

ఇంజనీరుకు ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ ప్యాంటు, తెల్ల మేజోళ్లు, చేతిలో అట్ట పుస్తకం. చెడ్డవాడు కాదు. ట్రాలీ తోసిన మనుషులను నీడకు పొమ్మన్నాకే దిగాడు. మేస్త్రీ అతని పక్కనే, నీడలాగా.

"ఏం కీమాన్, దారి ఎట్లా ఉంది?"

"బాగుంది సార్."

అక్కడితో అయిపోవాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎంతమంది ఇంజనీర్లు వచ్చినా అక్కడితోనే అయిపోయేది. ఇంజనీరు వాలు కేసి చూసి, మేస్త్రీతో, "సోమవారం పొద్దున్నే గాలి లేకుండా..." అని మొదలుపెట్టాడు.

"కాల్చొద్దు సార్."

మేస్త్రీ నోరు తెరుచుకుపోయింది. "మామా, నీకేమయింది? నువ్వు మాట్లాడితే బండ్లు ఆగిపోతాయి."

"ఎందుకొద్దు?" అన్నాడు ఇంజనీరు. కోపంగా కాదు. "ఎండుగడ్డి. మనం కాల్చకపోతే బండి కాలుస్తుంది. చెప్పుచేతల్లో పెట్టుకుని మనం కాల్చడం మేలు కదా?"

"ముసలి గడ్డయితే మేలే సార్. ఇది అది కాదు."

"గడ్డి గడ్డేనయ్యా."

కీమాన్ సుత్తి కింద పెట్టాడు. వాలు మీద నాలుగు అడుగులు ఎక్కి, ఒక కుదురు చూపించాడు. "లాగండి సార్."

ఇంజనీరు మేస్త్రీ వంక చూశాడు. మేస్త్రీ ఆకాశం వంక చూశాడు. ఇంజనీరు ఎక్కి, వంగి, లాగాడు. ఆకులు తెగి చేతిలోకి వచ్చాయి. కుదురు కదల్లేదు.

"ఇప్పుడిది." కీమాన్ రెండు వేళ్లతో ఒక కాడ పట్టుకుని ఎత్తాడు. పాలు పొంగినంత తేలిగ్గా, రెండు గులకరాళ్లతో సహా లేచొచ్చింది. అరచేతిలో పరిచి పట్టుకున్నాడు. "వేరు చూడండి సార్, వెంట్రుకలు. పాత మోడు ఒక్కటీ లేదు. ఈ ఏడు పుట్టింది, ఈ ఏడే పోతుంది. పోయేముందు గింజ వదిలి పోతుంది. గింజ రాళ్ల సందులో ఉంటే మంట పైనుంచి పోతుంది, దాన్నేం చెయ్యదు. ముసల్ది ఇంకా పచ్చి మీదుంది, అదే చస్తుంది. అది చచ్చిన చోటల్లా వచ్చే వానకి ఇదే. అంతకంతా. ఇళ్ల దాకా."

అతను ఊపిరి తీసుకున్నాడు. ఏడాది మాటలు ఒక్కసారి ఖర్చయినట్టుంది.

"ఇదంతా నీకెట్లా తెలుసు?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. గేటామె పది అడుగుల దూరంలో, చుట్టిన జెండా చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఊఁకొట్టు మామ మాట్లాడటం చూడటానికి దగ్గరకు వచ్చింది, నవ్వుతూ. అతను ఆమెనే చూశాడు. ఇంజనీరును చూడలేదు.

"నేనే కాల్చాను సార్. మొదటిసారి మంచమంత ఉంది. అంటించి పోయాను. మరుసటేడు వాలంతా అదే లేచింది. అదే అంటుకుంది. గేటు దాకా వచ్చింది."

ఆమె నవ్వు ఎక్కడిదక్కడ ఆగి, మెల్లగా చెరిగిపోయింది. ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుంది. అక్కడ ఇంకా వేడి ఉందేమో చూసుకుంటున్నట్టు. తర్వాత వెనక్కి తిరిగి గుడిసెలోకి వెళ్లిపోయింది.

ఇంజనీరుకు చెయ్యి సంగతి తెలీదు. మేస్త్రీకి తెలుసు. అతను తల దించుకున్నాడు.

"మరి ఏం చెయ్యమంటావు?" అన్నాడు ఇంజనీరు.

"పీకించాలి సార్. కటింగు వరకు చాలు. గ్యాంగు మొత్తం పడితే నాలుగు రోజులు. గింజ రాలకముందు."

"ఎప్పటి నుంచి?"

"అది ఇంటికెళ్లి చెప్పాలి సార్."

"ఇంటికెళ్లి?"

"ఊఁ. సాయంత్రానికి తెలుస్తుంది."

మేస్త్రీ ఇక ఆపుకోలేక నవ్వేశాడు. "రైల్వే సర్క్యులర్లు మా మామ ఇంట్లో తయారవుతాయి సార్!"

ఇంజనీరు నవ్వలేదు. ఆ కాడను అట్ట పుస్తకంలో పెట్టి మూశాడు. "చూస్తాను" అన్నాడు. అందరు ఇంజనీర్లూ అనేదే. ట్రాలీ ఎక్కాక వంగి మేజోళ్లు గోక్కున్నాడు. తెల్ల మేజోళ్ల నిండా మీసాలు. ఒకటి లాగబోయి "అబ్బా" అన్నాడు. లోపలికే పోతుంది తప్ప వెనక్కి రాదది. ట్రాలీ మలుపు తిరిగే దాకా వంగే ఉన్నాడు ఆయన.

కీమాన్ మిగతా రెండు మైళ్లూ నడిచాడు. ఒక్క కీ వదల్లేదు. అవతలి హద్దు దగ్గర డబ్బా విప్పి సగం తిన్నాడు. మిగతా సగం పిట్టలకు వేశాడు. తిరిగి వచ్చేటప్పటికి ఎండ నడినెత్తి దాటింది. గేటు కిటికీ మూసి ఉంది. పట్టపగలు ఆ కిటికీ మూసి ఉండటం అతను ఎన్నడూ చూడలేదు. కాసేపు నిలబడ్డాడు. బోర్లించిన గ్లాసు పొద్దున పెట్టిన చోటే ఉంది. దానికి ఏం చెప్పాలో తెలియక వాలు దిగి, గోనెసంచి తీసి, పీకడం మొదలుపెట్టాడు.

ఎడమ చెయ్యి లేవడం లేదు. కుడిచేత్తోనే పీకాడు. సంచి సగానికి నిండేసరికి ఛాతీ మీద ఎవరో దుంగ పెట్టినట్టయింది. రెండో మైలురాయి మీద కూర్చున్నాడు. దాని పక్కగా ముప్పై ఒక్క ఏళ్లు నడిచాడు కానీ దాని మీద కూర్చోవడం అదే మొదలు. రాయి వెచ్చగా ఉంది. ఎక్కుడు గూడ్సు గార్డు అలవాటు ప్రకారం జెండా ఊపాడు. కీమాన్ చెయ్యెత్తాడు. కూర్చున్న కీమాన్‌ను చూసి గార్డు రెండోసారి కూడా ఊపాడు. కాసేపటికి దుంగ బరువు తగ్గింది. లేచి సంచి నింపాడు. గుంతలో వేసి మట్టి కప్పాడు. పాదంతో తొక్కాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. అతని భార్య అప్పటికే గడపలో పళ్లెం పెట్టుకుని కూర్చుంది. అంచు పెచ్చులూడిన పింగాణీ పళ్లెం. ఆమెకు చూపు మందగించి ఆరేళ్లయింది. ఈ పనికి చూపు అక్కర్లేదు.

అతను కూర్చుని గోడకు ఆనుకుని కాళ్లు చాపాడు. ఆమె కుడి కాలి పట్టీ విప్పి ఒళ్లో పరుచుకుంది. పదమూడేళ్లుగా రోజూ జరిగేదే. రోజంతా గడ్డిలో తిరిగిన ఉన్నికి ఏ గింజ పట్టిందో, ఎలా పట్టిందో ఆమె వేళ్లు చెబుతాయి. పచ్చి గింజ అసలు పట్టదు. అరపచ్చి గింజ పట్టినా గీరితే రాలుతుంది. పండిన గింజ ఉన్నిలోకి దిగి కరుస్తుంది. కరిచేవి పిడికెడు దాటిన మర్నాడు కోత. కోతకు ఆఫీసు పెట్టుకున్న తారీఖు ఎప్పుడూ ఒకటే. ఆమె వేళ్లు చెప్పే తారీఖు ఏడాదికొకటి. ఒక్కసారీ తప్పలేదు.

"ఇది మనవాడు" అంటూ ఒక గింజ పళ్లెంలో ఈ పక్కన వేసింది. "ఇది చుట్టం. ఇదీ చుట్టం. అబ్బ, కరిచాడు వెధవ. ఇదీ చుట్టమే." అవతలి పక్కన కుప్ప పెరుగుతోంది. "ఈ ఏడు తొందరపడుతున్నాడే. నిన్నటికి పది కూడా లేవు."

"చెప్పేశాను" అన్నాడు అతను.

ఆమె వేళ్లు ఆగాయి. ఏమిటని అడగలేదు. "ఎవరికి?"

"ఇంజనీరుకి. చెల్లి పక్కనే ఉంది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. కిటికీ మూసుకుంది."

ఆమె మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. "ఆ ఏడు ఒకరోజు మీ బట్టలకి పొగ వాసన వచ్చింది. నేను అడగలేదు, మీరు చెప్పలేదు. మీరు చెప్పలేదని కాదు, నేను అడగలేదే అని ఉండేది నాకు." ఇంకో గింజ పళ్లెంలో వేసి, "మీ చెల్లి ఏదో ఒకటి అంటుంది లెండి. దాని నోరు ఊరుకునే నోరా?" అంది.

కుడి పట్టీ అయిపోయింది. చుట్టాల కుప్పను పిడికిట్లోకి తీసుకుంది. పిడికిలి మూసుకోలేదు. వేళ్ల సందుల్లోంచి మీసాలు పొడుచుకొచ్చాయి. "ఒక కాలికే పిడికెడు దాటింది. రేపే మొదలెట్టాలి. సోమవారం దాకా ఆగితే రాలిపోతుంది."

వీధిలో చెప్పుల చప్పుడయింది. గట్టి అడుగులు. గేటామె వచ్చి గడప ముందు నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొంగు నడుముకు బిగించి ఉంది, పోట్లాటకు వచ్చినట్టు.

"వదినా, స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. ఆ ఇంజనీరు చేశాడు. సోమవారం కాల్చడం లేదట. గ్యాంగు మొత్తాన్ని పీకుడుకి పెడతాడట. ఎప్పటి నుంచో కీమాన్ ఇంట్లో అడిగి చెప్పమన్నాడు. ఫోను పక్కన పెట్టి వచ్చాను."

"రేపే" అంది భార్య. "రేపు పొద్దున్నే అని చెప్పు."

"చెబుతాను." కానీ కదల్లేదు. అతని వైపు తిరిగింది. "పదమూడేళ్లు కడుపులో పెట్టుక్కూచున్నావా? రోజూ నా చేతి టీ తాగుతూ? మనిషివా, మైలురాయివా?"

అతను ఆమె మొహం లోకి చూశాడు. తల దించుకోలేదు.

"మధ్యాహ్నం కిటికీ సందులోంచి చూశాను నిన్ను. రాడేమో, తప్పించుకుని అవతలి వైపు నుంచి పోతాడేమో అని చూశాను. వచ్చి నా కిటికీ కిందే పీక్కుంటూ కూచున్నావు, ఒంటి చేత్తో. ఎన్ని తిట్లు దాచుకున్నానో, అన్నీ పాడైపోయాయి." కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు డ్యూటీ దిగాక నేనూ వస్తాను పీకడానికి. ఈ చెయ్యి ఆ మీసాలకి బెదరదు. టీ మాత్రం నువ్వే పెట్టాలి. వింటున్నావా?"

"ఊఁ" అన్నాడు అతను.

ఇన్నాళ్ల ఊఁ ల్లో ఇలాంటిది ఆ ఇద్దరు ఆడవాళ్లూ వినలేదు. పొడుగ్గా, మెత్తగా వచ్చింది, కడుపులోంచి. భారం దించిన మనిషి కూర్చుంటూ అనే ఊఁ అది. గేటామె గిరుక్కున తిరిగి, ఫోను గుర్తొచ్చి పరుగులాంటి నడకతో వెళ్లింది.

పొద్దు వాలు మీదికి వంగింది. గడపలో ఎండ పసుపు రంగుకు తిరిగింది. భార్య ఎడమ కాలి పట్టీ ముడి మీద చెయ్యి వేసింది. "గ్యాంగు మొత్తమట! మేస్త్రీ మొహం చూడాలి రేపు. పదమూడేళ్లు మన పట్టీల్ని చూసి నవ్వాడు. మన పళ్లెం తీసుకెళ్లి చూపించండి ఒకసారి. అయినా మీరేం చెబుతారు, నేనే వచ్చి చెబుతాను." నవ్వుకుంది. "ఏమండీ, ఆ కాలు కొంచెం ఇటు పెట్టండి. ముడి అందడం లేదు."

కాలు ఇటు రాలేదు.

ఆమె ముడి మీది చెయ్యి తీయకుండా కాసేపు విన్నది. దిగుడు గూడ్సు కటింగులోకి వచ్చి బ్రేకులు బిగించిన చప్పుడు, ఆఖరి వ్యాగన్ దాకా. ఆ తర్వాత గోడ వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె చెయ్యి మెల్లగా కాలి మీదుగా, మోకాలి మీదుగా, ఒళ్లో పడి ఉన్న అతని చేతి దాకా వెళ్లింది. అరచెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. వేళ్ల సందుల్లో మట్టి ఉంది. ఆమె పక్కకు జరిగి, అతని భుజానికి ఆనుకుని, దీపాలు పెట్టే వేళ దాకా అలాగే కూర్చుంది. తర్వాతే ఇరుగుపొరుగును పిలిచింది.

మర్నాడు పొద్దున్నే గ్యాంగు కటింగులో దిగింది. మేస్త్రీ జోకులు వేయలేదు. ఇంజనీరు వచ్చి, పుస్తకంలోని ఎండిన కాడను చేత్తో పట్టుకుని, ఏది పీకాలో ఏది వదలాలో మనిషి మనిషికీ చూపించాడు. ముందు ఒక కుదురు లాగమని, తర్వాత ఒక కాడ లాగమని. మధ్యాహ్నం కీమాన్‌ను కాటికి సాగనంపడానికి అందరూ చేతులు దులుపుకుని వచ్చారు, సాగనంపి మళ్లీ వెళ్లి పీకారు. గేటామె నాలుగు రోజులూ వచ్చింది. నాలుగో రోజు సాయంత్రానికి వాలు మీద ముసలి కుదుళ్లు మాత్రం మిగిలాయి, ఎడం ఎడంగా, పచ్చగా.

కీమాన్ ఇంట్లో తలుపు వెనక మేకుకు రెండు ఉన్ని పట్టీలు వేలాడుతున్నాయి. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఆమె ముట్టుకోనివ్వలేదు. దాని నిండా చుట్టం గింజలు, లోపలికి దిగి, మీసాలు మాత్రం బయటికి పెట్టి, తలుపు తీసినప్పుడల్లా వచ్చే గాలికి సన్నగా కదులుతూ.